సున్నా తీవ్రత గల ఫిర్యాదు

నాగరికత అనేది మనిషి నిప్పు కనుక్కున్న రోజున మొదలైందని పెద్దలు రాశారు. రింగు లాగితే తుస్సుమనే టిన్ను కనుక్కున్న రోజున అది సంపూర్ణమైందని నేను సవినయంగా మనవి చేసుకుంటున్నాను. ఆ రోజుతో మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకోవలసిన అవసరం తీరిపోయింది. (ఇంకా మాట్లాడుకునే వాళ్ళు అక్కడక్కడా ఉన్నారట. వాళ్ళింట్లో ఫ్రిజ్ చిన్నదై ఉంటుంది.)

మా ఆయన తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు. కొట్లకి వెళ్ళి, ఖాళీ కాటా మీద ముల్లు సున్నా దగ్గర బుద్ధిగా నిలబడిందో లేదో చూడటం ఆయన ఉద్యోగం. ఏళ్ళ తరబడి సున్నాని చూసీ చూసీ ఆయనకి దాని మీద భక్తి కుదిరింది. అలాంటి మనిషి చేతిలో ఎవరో పుణ్యాత్ముడు ఒకరోజు డైట్ సోడా పెట్టాడు. టిన్ను మీద చక్కెర సున్నా, కొవ్వు సున్నా, కేలరీలు సున్నా అని వరసగా రాసి ఉంది. ఇంకేముంది, కోతికి కొబ్బరికాయ దొరికింది.

పళ్ళు తోముకున్నాక ఒకటి. తోముకున్న పళ్ళు ఆరాక ఇంకొకటి. ఆఫీసుకి వెళ్తూ కారు తలుపు అరలో రెండు, వస్తూ అదే అరలో వాటి శవాలు. ఏ టిన్నూ ఆయన పూర్తిగా తాగరు. అడుగున ఒక గుక్క వదిలేస్తారు. ఎందుకండీ అంటే గ్యాస్ పోయిందంటారు. అలా గ్యాస్ పోయిన గుక్కలు మా ఇంట్లో పుస్తకాల అరలో, కిటికీ గట్టు మీద, వాషింగ్ మెషీన్ నెత్తిన కొలువుతీరి ఉంటాయి. తుడిచేటప్పుడు చెయ్యి తగిలి ఒలికిపోతాయి. ఒలికినా చీమ రాదు. అందులో ఏమీ లేదన్న సంగతి చీమకి కూడా అర్థమైంది.

ఫ్రిజ్ విషయం చెప్పనే అక్కర్లేదు. కూరగిన్నె లోపల పెట్టాలంటే టిన్నులన్నిటినీ బతిమాలి జరపాలి. గిన్నె పెట్టి తలుపు వేస్తే, తెరిచినప్పుడు నా కాలి మీద ఒకటి పడుతుంది. పైగా సోడాలో మిగిల్చిన కేలరీలు ఊరికే పోనివ్వడం దండగని, రాత్రి భోజనం అయ్యాక ఒక కేకు ముక్క ఎక్కువ తింటారు.

అవన్నీ భరించాను. భరించలేనిది ఆ చప్పుడు.

"ఏమండీ, వచ్చే నెల మా చెల్లెలు వస్తానంటోంది."

తుస్సు.

"వంటింటి కుళాయి కారుతోంది, మనిషిని పిలుద్దామా?"

తుస్సు.

"గోడతో కాదు, మీతోనే మాట్లాడుతున్నా."

గటగటా రెండు గుక్కలు, తర్వాత ఒక త్రేన్పు. త్రేన్పుని అంగీకారంగా భావించాలని మా ఇంట్లో ఆనవాయితీ ఏర్పడింది.

ఇదివరకు ఇలా ఉండేది కాదు. నేను బళ్ళో లెక్కల టీచర్ని. సాయంత్రం ఇద్దరం ఇల్లు చేరాక బాల్కనీలో కూర్చుని చెరో కప్పు టీ తాగేవాళ్ళం. ఏ కొట్లో ఏ మోసం పట్టుకున్నారో ఆయన చెప్పేవారు. ఏ పిల్లాడు భాగహారాన్ని ఎలా హింసించాడో నేను చెప్పేదాన్ని. అరగంట. అంతకంటే పెద్ద కాపురం నేనెప్పుడూ కోరలేదు. సోడా వచ్చాక ఆయన టీని ఇంట్లోంచి వెలివేశారు. "అందులో చక్కెర ఉంటుందోయ్" అన్నారు, ఏదో విషం పేరు చెప్పినట్టు. ఇప్పుడు ఒక్క కప్పు పెట్టుకుంటాను. ఎంత కొలిచి పోసినా ఒకటిన్నర అవుతుంది. ఆ మిగిలిన సగం సింకులో పారబోసేటప్పుడు నాకు రోజూ ఏడుపొస్తుంది. ఆ అరగంట నాకు కావాలి. ఇంకేమీ వద్దు.

మా అత్తగారికి ఫోన్ చేసి మొరపెట్టుకున్నాను. "మందు తాగుతున్నాడా? పేకాడుతున్నాడా? సోడాయే కదమ్మా! నోట్లో వేలు పెడితే కొరకలేని మొగుడు దొరికాడు, సంతోషించు" అన్నారావిడ. నాకు సంతోషించడం చేతకాక, దాంపత్య సమస్యల పరిష్కార కేంద్రానికి వెళ్ళాను.

ఈ కేంద్రం గురించి తెలియని వాళ్ళు అదృష్టవంతులు. కాపురాల్లో వచ్చే కష్టాలన్నిటినీ ఇక్కడ శాస్త్రీయంగా తూచి, తూగినవాటిని మాత్రమే తీరుస్తారు. (తూగనివి వాటంతట అవే తీరిపోవాలని నిబంధన.) టోకెన్ తీసుకుని బెంచీ మీద కూర్చున్నాను. నా వంతు వచ్చేసరికి పక్క బెంచీ మీదావిడ తన సమస్య ఏమిటో మర్చిపోయి ఇంటికెళ్ళిపోయింది. దాన్ని "పరిష్కారమైనది"గా రాసుకున్నారు.

కౌంటరు వెనక గుమాస్తావిడ కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి అడిగింది.

"మందా?"

"కాదండీ."

"పేకాటా?"

"కాదు."

"ఇంకొకావిడా?"

"ఇంకొకావిడైతే ఫ్రిజ్‌లో ఇంత చోటు పట్టదండీ."

ఆవిడ నవ్వలేదు. "మరేం చేస్తాడు?"

"డైట్ సోడా తాగుతారు. రోజుకి పద్నాలుగు."

ఆవిడ లోపలి గదిలో ఎవర్నో సంప్రదించి వచ్చి, మా ఆయన్ని "ఇతరములు"లో వేసింది. అక్కడ ఆయనకంటే ముందు గురకలు, మంచం మీద తడి తువ్వాళ్ళు ఉన్నాయి.

"ఇప్పుడు తీవ్రత కట్టాలి మేడమ్. పానీయంలో కేలరీలు ఎన్నో, దాన్ని రోజువారీ వాడకంతో గుణించాలి. మీవారిది పద్నాలుగు ఇంటూ సున్నా." కాలిక్యులేటర్ నొక్కింది. న్యాయం కోసం ఇంకోసారి నొక్కింది. "సున్నా వస్తోంది. మీకు సమస్య లేదు."

"సమస్య ఉందండీ. ఇంట్లో ఉంది. సోఫాలో కూర్చుంది."

"లెక్కలో లేదు కదా మేడమ్."

గుణకారం తప్పని అనలేను. నా క్లాసులో ఎవరైనా దానికి ఇంకో జవాబు రాస్తే బెంచీ ఎక్కించేదాన్ని. నా మొహం చూసి ఆవిడకి జాలేసినట్టుంది. గొంతు తగ్గించి, "ఓ పని చెయ్యండి. మీవారిని వారానికి ఒక్క పెగ్గు వేసుకోమనండి. ఫైలు పరిగెడుతుంది" అంది.

"అయ్యో, ఆయనకి అలవాటు లేదండీ."

"అలవాటు చెయ్యడానికి కూడా మా దగ్గర ఏ సాయమూ లేదు" అని నిట్టూర్చి, ఆవిడ చివరి ప్రశ్నకి వచ్చింది. "ఇంతకీ మీరేం కోరుతున్నారు?"

"సాయంత్రం ఒక అరగంట నాతో కూర్చుని టీ తాగితే చాలు."

"టీలో చక్కెర వేస్తారా?"

"ఒక్క చెంచా."

ఆవిడ కలం ఆగింది. మొహంలో మొదటిసారి వెలుగొచ్చింది. "అంటే సున్నా మీద ప్రశాంతంగా ఉన్న మనిషిని మీరు ఇరవై కేలరీల మీదికి లాగుతున్నారు! ఇరవై ఇంటూ రోజుకొకటి. శుభం మేడమ్, మీ ఫిర్యాదుకి తీవ్రత వచ్చింది. కాకపోతే అది మీ మీద."

ఆ విధంగా ఫిర్యాదు ఇవ్వడానికి వెళ్ళినదాన్ని నిందితురాలినై తిరిగొచ్చాను. ఉన్నదీ పోయె, ఉంచుకున్నదీ పోయె అన్నట్టయింది నా పని.

విచారణ కోసం ఒక పరిశీలకుడు మా ఇంటికొచ్చాడు. మా ఆయన సాటి ఉద్యోగి వచ్చాడని పొంగిపోయి చల్లటి టిన్ను చేతికిచ్చారు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తుస్సు, తుస్సు అనిపించారు. పరిశీలకుడు ఫ్రిజ్ తెరిచి చూశాడు. ఆ తర్వాత వంటింట్లోకొచ్చి, పొయ్యి మీద కాగుతున్న నా టీని ఫొటో తీసుకున్నాడు. నివేదికలో "ఇంట్లో పరిపూర్ణ శాంతి నెలకొని ఉంది. మేమున్నంతసేపూ భార్యాభర్తల మధ్య ఒక్క మాట కూడా వినబడలేదు" అని రాశాడు. కింద, "పొయ్యి మీద ఆధారం లభ్యమైనది."

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. నిందితురాలు, బాధితుడు ప్రతి గురువారం సాయంత్రం కలిసి కౌన్సెలింగ్‌కి హాజరు కావాలి. అది చదువుతూ మా ఆయన సగం లాగిన రింగుని అలాగే వదిలేశారు.

"బాధితుడంటే నేనా? నువ్వు నన్ను బాధపెడుతున్నావా?"

"ఏమోనండీ. ఆఫీసు వాళ్ళు అంటున్నారు."

"ఆఫీసు వాళ్ళన్నారంటే ఏదో ఉండే ఉంటుందిలే" అని నా వైపు జాలిగా చూశారు. ఉత్తర్వుని గౌరవించడంలో ఆయన తర్వాతే ఎవరైనా.

గురువారం వెళ్ళాం. గుమ్మం దగ్గర కాపలాదారు మా ఆయన సంచి తెరిచి నాలుగు టిన్నులు తీసి పక్కన పెట్టాడు. బయటి పానీయాలు లోపలికి తేకూడదట. "లోపల దొరుకుతుందా?" అన్నారు మా ఆయన. దొరుకుతుంది, మెషీన్ పెట్టారు, మరమ్మతు కావాలి అన్నాడతను. మెషీన్ మీద "త్వరలో" అని ఉంది. ఆ కాగితం పసుపు రంగుకి తిరిగింది.

ఇద్దరం బెంచీ మీద కూర్చున్నాం. మా ముందు బోలెడు జంటలు. ఆయన మోకాళ్ళ మీద వేళ్ళతో తాళం వేశారు. గోడ మీది బోర్డులన్నీ చదివారు. పై ఫ్యాను ఎన్ని రెక్కలదో చూశారు. ఇక చూడటానికేమీ మిగలక నా వైపు తిరిగారు.

"ఇవాళ ఓ కూరగాయల కొట్లో ఏమైందో తెలుసా?"

నేను ఆయన వైపు జరిగాను. "ఏమైంది?"

"కాటా పళ్ళెం కింద అయస్కాంతం అంటించాడోయ్ వాడు. నేను వంగి చూడబోతే నా తాళాల గుత్తి ఎగిరెళ్ళి దానికి అతుక్కుంది. లాగితే రాదు! వాడు ఏమాత్రం తొణక్కుండా, ‘మీ తాళాలకి మా కొట్టంటే ఇష్టం సార్’ అన్నాడు."

నాకు నవ్వాగలేదు. కాపలాదారు వచ్చి, ఇది సమస్యల కేంద్రమనీ, నవ్వుకునేవాళ్ళు బయటికెళ్ళి నవ్వుకోవాలనీ హెచ్చరించాడు. అంతలో ఆఫీసు బంట్రోతు ఫ్లాస్కుతో టీ తెచ్చాడు. (లోపలివాడు అమ్మేది బయటి పానీయం కాదు.) మా ఆయన కప్పు వైపు చూశారు, మూతపడ్డ మెషీన్ వైపు చూశారు, దాహం ముందు సిద్ధాంతం ఓడింది. ఒక గుక్క తాగి మొహం చిట్లించారు.

"చక్కెర పాకంలా ఉంది. నువ్వు పెట్టే టీయే నయం."

నాకెంత సంతోషమేసిందంటే, మా టోకెన్ పిలిచినా వినపడనట్టు కూర్చున్నాను. ఆయన కప్పు ఖాళీ చేశారు. అడుగున గుక్క కూడా వదల్లేదు.

లోపల కౌన్సెలింగ్ కనురెప్ప పాటులో అయిపోయేది. "పోట్లాడుకున్నారా?" "లేదండీ." "వచ్చే వారం రండి." అంతే. అసలు సంగతంతా బెంచీ మీద జరిగేది. గురువారం వస్తోందంటే నేను మంచి చీర తీసేదాన్ని. వెనక వచ్చిన వాళ్ళని "మీరు పదండి, మాకేం తొందర లేదు" అని ముందుకి పంపేదాన్ని. వరస పెరుగుతుంటే నా కడుపు నిండేది. ఒక గురువారం ఆయనే, "ఇంకా పిలవకపోతే బాగుణ్ణు, నీ భాగహారం పిల్లాడి కథ సగంలో ఉంది" అన్నారు.

మేలు చేసినవాళ్ళని మెచ్చుకోవాలి కదా. నా అంత బుద్ధిహీనురాలు ఉండదు. సలహాల పెట్టెలో ఒక చీటీ వేశాను: "మీ దగ్గర రెండు గంటలు కూర్చోవలసి వస్తోంది. చాలా బాగుంది. వీలైతే మూడు చెయ్యగలరు."

మర్నాడే గుమాస్తావిడ ఫోన్ చేసింది. గొంతులో పండగ. "మేడమ్, మీ ఫిర్యాదు మీద చర్య తీసుకున్నాం!"

"ఫిర్యాదేమిటండీ? నేను మెచ్చుకున్నాను."

"మెచ్చుకోలుకి మా దగ్గర కాలమ్ లేదు మేడమ్. రెండు గంటలు అని ఉంది కదా, పైవాళ్ళు కదిలిపోయారు. బెంచీలు తీసేయించారు. ఇకమీదట అందరికీ కౌన్సెలింగ్ ఫోన్ యాప్‌లోనే."

"బెంచీలు ఉంచెయ్యండమ్మా, మీకు దణ్ణం పెడతాను."

"మీరు మరీ మొహమాటపడుతున్నారు" అని ఆవిడ ఫోన్ పెట్టేసింది. ఈ కేంద్రం పుట్టాక నెగ్గిన మొదటి ఫిర్యాదు నాదేనట. ప్రశంసాపత్రం కూడా పంపారు.

ఇప్పుడు గురువారాలు చాలా సుఖంగా గడుస్తున్నాయి. గోప్యత దృష్ట్యా భార్యాభర్తలు వేర్వేరు గదుల్లో, తలుపులు వేసుకుని హాజరు కావాలి. ఆయన ముందు గదిలో, నేను వంటింట్లో, ఇద్దరం ఒకే కాల్‌లో. యాప్ తెరవగానే పైన పెద్ద అక్షరాలతో "వేచి ఉండు సమయం: సున్నా" అని వస్తుంది. అది చూసి ఆయన, "చూశావుటోయ్, సున్నా!" అని ముందు గదిలోంచి మురిసిపోతారు.

ఆ వెంటనే నాకు తుస్సుమన్న చప్పుడు రెండుసార్లు వినిపిస్తుంది. ఒకసారి గోడలోంచి, ఒకసారి ఫోన్‌లోంచి.