ఒంటిగంటకు తుపాకీ దించే మనిషి

భార్య పోయిన ఏడాదిన్నర తర్వాత కూడా రోజూ ఆమె చేతిలో ఓడిపోతున్న మగాడు లోకంలో ఎవరైనా ఉంటే, అది నేనే. నవ్వకండి, ముందు వినండి.

మా ఆవిడ ఆపరేషన్ థియేటర్లో నర్సు. రిటైరయ్యాక వేళ్లు బిగుసుకుపోతున్నాయంటే, లిఫ్టులు బాగుచేసే మా అమ్మాయి చేతిలో పట్టుకుని ఆడే వీడియో గేమ్ ఒకటి తెచ్చిచ్చింది. పాడుబడ్డ ఊళ్లో ఇద్దరు సిపాయిలు. ఇనుప మనుషుల్ని కాల్చుకుంటూ పోవాలి. ఒక సిపాయి ఆవిడది, ఒకటి నాది; ఒకరం ఆడుతుంటే రెండో సిపాయిని యంత్రమే నడుపుతుంది.

ఆటలో లోపాలు కొల్లలు. బొత్తాలు ఆవగింజలంత. ఆగి తిరిగితే తప్ప వెనకేముందో కనిపించదు. గురి తనంతట తానే దగ్గరున్నదానికి అతుక్కుంటుంది. శత్రువు మీదికొస్తుంటే నేను నీళ్ల పీపాని కాలుస్తూ కూర్చునేవాణ్ని.

"పీపా ఏం పాపం చేసిందండీ?" అనేది మా ఆవిడ.

"నా దారికి అడ్డొచ్చింది."

"పెళ్లయిన కొత్తలో నా గురించీ ఇదే అన్నారు."

ఉన్న ఒక్క సుగుణం, యంత్రం మన తీరు నేర్చుకుంటుంది. నేను ఆడుతుంటే ఆవిడ సిపాయి అచ్చం ఆవిడలాగే నడుస్తుంది. తలుపు తీసేముందు ఓ క్షణం ఆగుతుంది. మందుల పెట్టె దొరికితే తను వాడుకోకుండా నా కాళ్ల దగ్గర పడేస్తుంది. ఆ సిపాయి కాల్చినవన్నీ ఆవిడ పేరుమీదే చేరతాయి.

ఇప్పుడూ అంతే. మనిషి లేదు. స్కోరు పెరుగుతోంది.

ముప్పైనాలుగేళ్ల కాపురంలో ఒక్కసారైనా గెలవలేదు కదా, ఇక్కడైనా గెలుద్దామనుకున్నాను. సందు కూడా దొరికింది. సరిగ్గా ఒంటిగంటకు ఆవిడ సిపాయి తుపాకీ దించి, గోడకి ఆనుకుని కూర్చుంటుంది. అరగంట లేవదు. ఆవిడ బతికుండగా మా ఇంట్లో ఒంటిగంటకు యుద్ధమైనా ఆగాల్సిందే. నాకు షుగరు, వేళకి తినాలి.

నేను భోజనం మానేసి ఆ అరగంటా కాల్చడం మొదలుపెట్టాను. పన్నెండు రోజుల్లో మా స్కోర్ల మధ్య మూడొందల తేడా మూడుకి దిగింది. చేతుల్లో సన్నటి వణుకు కూడా వచ్చింది.

"నాన్నా, బెల్టుకి కొత్త బెజ్జం ఎందుకు పడింది?" అంది మా అమ్మాయి.

"బెల్టు సాగిందే."

"బెల్టు సాగిందా, నువ్వు తగ్గావా?"

దొంగకి ఉండాల్సిన ఓపిక నాకు లేకపోయింది. పదమూడో రోజు పొద్దున్నే పదింటికి యంత్రంలో గడియారాన్ని ఒంటిగంటకు తిప్పాను. ఇక రోజంతా కూర్చోబెట్టేయొచ్చని ఆశ.

ఆవిడ కూర్చోలేదు. తిరిగింది.

ఆ ఆటలో సిపాయిల వీపులే కనిపిస్తాయి. వాళ్లకి మొహం ఉందని కూడా నాకు తెలియదు. ఇనుపటోపీ కింద నల్లటి ఖాళీ. అది నావైపే ఉంది. తెర బయట, కుర్చీలో ఉన్న నావైపు. బొత్తాలు వదిలేశాను. అయినా తల తిప్పుకోలేదు. యంత్రాన్ని బల్లమీద బోర్లించి, వేరే గదిలోకి పోయి కూర్చున్నాను. గోడగడియారం చప్పుడు ఇంటి నిండా వినిపించింది.

అయినా మూడే మూడు పాయింట్లు! ఆశ చెడ్డది. అసలు ఒంటిగంటకు మళ్లీ తీశాను. యంత్రంలో నాలుగైంది. ఆవిడ మాత్రం తుపాకీ దించింది. ఈసారి గోడ దగ్గరికి పోలేదు. వచ్చి నా తుపాకీకి అడ్డంగా నిలబడింది. నేను ఎడమకి జరిగితే ఎడమకి. కుడికి జరిగితే కుడికి.

"తప్పుకోవే, నీకు పుణ్యముంటుంది" అన్నాను.

"ఎవరితో మాట్లాడుతున్నావ్?" గుమ్మంలో మా అమ్మాయి, చేతిలో కారియరు.

"మీ అమ్మ. అడ్డు నిలబడింది."

అది వంగి తెరలోకి చూసింది. "ప్రోగ్రాం లోపం, నాన్నా. లిఫ్టులు కూడా ఒక్కోసారి ఎవరూ పిలవకుండానే ఏదో అంతస్తులో ఆగుతాయి."

"ఆగితే ఏం చేస్తావ్?"

"తలుపు తీసి చూస్తాను."

"ఎవరుంటారు?"

 మా అమ్మాయి గోడగడియారం చూసింది, తెర చూసింది. "ముందు తిందాం, రా" అంది గొంతు తగ్గించి.

కూర్చున్నాను. నాలుగు ముద్దలు పడేసరికి వణుకు తగ్గింది. సగం కంచమయ్యాక గుర్తొచ్చింది, ఆట ఆపే బొత్తం నొక్కలేదు! కదలకుండా నిలబడ్డ నా సిపాయి ఈపాటికి ఎన్నిసార్లు చచ్చుంటాడో. పన్నెండు రోజుల కష్టం గంగపాలు. ఎంగిలి చేత్తోనే పరిగెత్తాను.

నా సిపాయి వదిలిన చోటే ఉన్నాడు. ఒంటిమీద గీత లేదు. చుట్టూ ఇనుప మనుషులు కట్టెల్లా గుట్టపడి ఉన్నారు. వాడి వీపుకి వీపు ఆనించి ఆవిడ నిలబడి ఉంది, తుపాకీ ఎత్తి.

తేడా ఇప్పుడు నలభై మూడు.

"కూర్చోవలసిన టైములో కాల్చింది! ఇది మోసం కాదటే?" అన్నాను.

మా అమ్మాయి నా భుజం మీంచి తెరలోకి చూసింది. 

"నాన్నా... కంచంలో ఇంకా సగం ఉంది."

వెళ్లి కంచం ముందు కూర్చున్నాను. వెనక గదిలో తుపాకీ మళ్లీ మోగింది. ఈసారి ఆపే బొత్తం కావాలనే నొక్కలేదు లెండి.