స్టాక్‌హోమ్ దారిలో దత్తాత్రేయ

అక్టోబరులో ఒక మంగళవారం పొద్దున దత్తాత్రేయ వేసుకున్న పథకం చాలా చిన్నది. కూతురూ అల్లుడూ ఆఫీసులకు వెళ్లగానే కాలినడకన స్టాక్‌హోమ్ పాతబస్తీ చుట్టి, భోజనాల వేళకు ఇంటికొచ్చి చారు పెట్టుకోవాలి. ఇల్లున్నది అమెరికాలో, వర్జీనియాలోని ఆష్‌బర్న్‌లో. అదేమంత అడ్డంకిగా ఆయనకు తోచలేదు.

వచ్చేవారం కాకినాడకు తిరుగు ప్రయాణం. మధ్యలో స్టాక్‌హోమ్‌లో ఒక పగలంతా ఆగాలి. ఊళ్లోకి వెళ్లడానికి వీసా కూడా తెచ్చుకున్నాడు. పోయిన భార్య మీనాక్షి భూగోళం టీచరు. సర్వీసంతా ఆ ఊరిని గోడమీది పటంలో బెత్తంతో చూపించిందే తప్ప, చూసి ఎరగదు. ఆవిడకు బదులుగా ఆ రాళ్లబాటల మీద తానైనా నడవాలని ఆయన కోరిక. కూతురు ఇంద్రజ మాత్రం ముందే తేల్చి చెప్పింది.

"ఇక్కడ ఒక్కసారి దారి తప్పినా టికెట్ మార్చేస్తా నాన్నా. దుబాయ్ మీదుగా వెళ్దువుగాని."

అందుకే ఈ రిహార్సలు. కాలనీ చెరువును సముద్రమనీ, క్లబ్‌హౌస్‌ను రాజుగారి కోట అనీ అనుకున్నాడు. ఫోన్ స్టాక్‌హోమ్‌లో పనిచేయదు కాబట్టి ఇంట్లోనే వదిలేశాడు. పాస్‌పోర్టు అక్కడ కావాలి కాబట్టి బనీను లోపలి జేబులో పెట్టి పిన్నీసు గుచ్చాడు.

కోట దాటి నాలుగు మలుపులు తిరిగేసరికి ఎటు వచ్చాడో తెలియలేదు. ఇళ్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. అదే గుమ్మం, అదే హాలోవీన్ గుమ్మడికాయ. ఒక కిటికీ తెర కదిలింది, మరో ఇంట్లో కుక్క మొరిగింది. అదే ఇంటి ముందు మూడోసారి ఆగినప్పుడు, ఎవరు ఫోన్ చేశారో గాని, వెనక నుంచి పోలీసు కారు నత్తలా వచ్చి ఆగింది.

ఇల్లెక్కడని పోలీసు అడిగాడు. చెప్పవచ్చు. కాని పోలీసు కారు కూతురి గుమ్మంలో ఆగిందంటే దుబాయే గతి. పాస్‌పోర్టు చూపిద్దామంటే, పోలీసు ఎదుట జేబులో చెయ్యి పెడితే తుపాకీ కోసమనుకుంటారని అల్లుడు పదేపదే హెచ్చరించాడు. ఇక్కడ బనీనులోకే పెట్టాలి. ఎటు వెళుతున్నారని పోలీసు మళ్లీ అడిగాడు. డిగ్రీ దాకా చదివిన ఇంగ్లీషంతా భయానికి ఆవిరై ఒక్క మాట మిగిలింది.

"స్టాక్ హోమ్."

పోలీసు ముఖం తేటపడింది. ఊరి చివర వృద్ధులను చూసుకునే స్టోక్స్ హోమ్ ఉంది. కారెక్కేటప్పుడు తల తగలకుండా తన అరచేయి అడ్డం పెట్టాడు. ఆ భయంలోనూ దత్తాత్రేయకు ఆ చేతిమీద గౌరవం కలిగింది. లోపల కూర్చున్నాక చూస్తే తలుపుకు పిడి లేదు.

స్టోక్స్ హోమ్ తలుపు అంకెలు నొక్కితేగాని తెరుచుకోదు. ఈయన మా మనిషి కాడనీ, అయినా అయినవాళ్లు వచ్చేదాకా వెచ్చగా ఉంచుతామనీ మేనేజరమ్మ చెప్పింది. ఆపిల్ రసం ఇచ్చి, ఒళ్లో దుప్పటి కప్పింది. పక్క కుర్చీలో ముసలాయన ఇటు వంగి, తానూ ఒక్క పూటకనే వచ్చాననీ, ఆరేళ్లయిందనీ రహస్యంగా చెప్పాడు.

దత్తాత్రేయ వెంటనే కూతురి పేరూ, కంపెనీ పేరూ చెప్పేశాడు.

ఇంద్రజ మీటింగ్‌లోంచి లేచి పరిగెత్తుకొచ్చింది. హ్యాండ్‌బ్యాగ్ ఆఫీసులోనే ఉండిపోయింది. అప్పగించేముందు మేనేజరమ్మ ఇద్దరినీ విడివిడిగా ప్రశ్నలడిగింది. తన పుట్టినరోజు జూలై ఒకటి అని తండ్రి చెప్పాడు. నవంబరులో, నాగులచవితి నాడు అని కూతురు చెప్పింది. ఇంటిపేర్లూ కలవలేదు. లైసెన్స్ చూపించమంటే ఆమె లేని బ్యాగ్‌ను భుజం మీద తడుముకుంది. ఇంటి అడ్రస్ అడిగితే పాత అపార్ట్‌మెంట్‌ది చెప్పి, కాదని, ఏడవసాగింది. అక్కడే ఆగి చూస్తున్న పోలీసు ఆమెకూ గుమ్మానికీ మధ్యకు వచ్చి నిలబడ్డాడు. మేనేజరమ్మ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి ఆపిల్ రసం ఇచ్చింది.

పిల్ల ఏడుపు చూడగానే దత్తాత్రేయకు ఇంగ్లీషు తిరిగొచ్చింది. చెయ్యి ఎక్కడ పెడుతున్నాడో ముందుగా చెప్పి, పిన్నీసు విప్పి పాస్‌పోర్టు తీశాడు. మా దేశంలో మనిషికి తల్లి కన్న తేదీ ఒకటి, బళ్లో వేసేందుకు హెడ్‌మాస్టరు రాసిన తేదీ ఒకటి ఉంటాయనీ, తనకు కాగితం మీద ఉన్నది హెడ్‌మాస్టరుదేననీ నిదానంగా వివరించాడు. పోలీసు పాస్‌పోర్టు చూసి, ఈమె ఎవరో మీకు తెలుసా అని మర్యాదగా అడిగాడు.

దత్తాత్రేయ కూతురి వైపు తిరిగాడు.

"టికెట్ మారుస్తావా అమ్మా?"

"నాన్నా, ఇప్పుడా అది అడిగేది?"

"ఆయన కనుక్కోమంటున్నాడు, నువ్వెవరో."

ఇంద్రజ ముక్కు చీదుకుంది. "మార్చను. వెళ్లు, ఒక్కడివే వెళ్లు. ముందు చెప్పు నాన్నా, ప్లీజ్."

"మా అమ్మాయే," అని దత్తాత్రేయ ఇంగ్లీషులో స్పష్టంగా చెప్పి, దుప్పటి తీసి ఆమె భుజాల మీద కప్పాడు.

మేనేజరమ్మ అంకెలు నొక్కి తలుపు తీసింది. పోలీసు దత్తాత్రేయను పక్కకు పిలిచి, ఇలాంటి స్థితిలో ఉన్నవాళ్లను ఒంటరిగా బయటకు పంపవద్దని ఇంద్రజను చూపిస్తూ సలహా ఇచ్చాడు.