బ్రేకుల్లేని సైకిలు

వన్ టౌన్‌లో స్టీలు సామాన్ల కొట్టున్న దుర్గాప్రసాద్ ఆ పొద్దున వేసుకున్న ప్లాను చిన్నదే. మైకు కట్టిన ఆటోలో భవానీపురం వీధులు తిరగాలి. కాలేజీ రోజుల్లో తాను కట్టిన ‘బ్రేకుల్లేని సైకిలు’ రాక్ పాట వినిపించి, సాయంత్రం కమ్యూనిటీ హాలుకి జనాన్ని పిలవాలి.

నాన్న చెప్పిన చదువూ వద్దు, మామయ్య చూసిన ఉద్యోగమూ వద్దు, మా దారిన మేం పోతాం అని ఒక తరం పెట్టిన కేక ఆ పాట. అప్పట్లో క్యాసెట్ కొట్లవాళ్లు నవ్వారు. మంచి పాటకి చెవులు మూసుకోవడం మనకి కొత్తా?

“పదిమంది కూడా రాకపోతే గిటారు అమ్మేస్తానని మాటిచ్చారు, గుర్తుందా?” అంది భార్య సంపూర్ణమ్మ.

“వందమంది వస్తారు, చూడు!”

ఆటో నడిపేది దాదాపీర్, ఒకప్పటి డ్రమ్మరు. పాట మొదలవగానే వీధంతా తలుపులు తెరుచుకున్నాయి.

“దాదా, వెనక్కి చూడరా! పరిగెత్తుకొస్తున్నారు!” దుర్గాప్రసాద్ కళ్లు చెమర్చాయి.

“చేతుల్లో అవేంట్రా?”

బక్కెట్లు. ఆ పేటకి పొద్దున్నే పాట పెట్టుకుని వచ్చే బండి ఒక్కటే, చెత్త బండి.

“ఆపవయ్యా! నిన్న కూడా ఇట్టాగే పోయావు!” అంటూ ఓ ఇంట్లోంచి వచ్చిన శౌరమ్మ ఆటోని అందుకుని, ఉల్లిపొట్టంతా దుర్గాప్రసాద్ ఒళ్లో కుమ్మరించింది.

“మేం కళాకారులమండీ!”

“ఎవరైతే ఏంటి, ఎత్తుకుపో!”

దాదాపీర్ హడలిపోయి ఆటోని పరిగెత్తించాడు. వీధి వీధికీ బక్కెట్లు పెరిగాయి, తిట్లూ పెరిగాయి. ఆ హోరులో వెనక వచ్చిన అసలు బండి పాట ఎవరికీ వినబడలేదు. అది ఖాళీగానే వెళ్లిపోయింది.

సాయంత్రం హాల్లో సంపూర్ణమ్మ తప్ప అన్నీ ఖాళీ కుర్చీలే.

“ఇంక పదండి,” అంది జాలిగా.

“ఒక్కసారి పాడనియ్. రేపు అమ్మేస్తాను,” అంటూ దుర్గాప్రసాద్ తీగలు మీటాడు. స్పీకర్లు పేటంతా దద్దరిల్లించాయి.

రెండో చరణానికల్లా హాలు నిండిపోయింది. అందరి చేతుల్లోనూ బక్కెట్లు!

“పొద్దున ఆపకుండా పోయింది ఈయనే!” అని శౌరమ్మ దూసుకొచ్చింది. సరిగ్గా అప్పుడే దాదాపీర్ డ్రమ్స్ మీద విరుచుకుపడ్డాడు. ఆమె కాలు దానంతటదే కదిలింది. బక్కెట్టు మూత తీసి తనూ దరువేసింది. దుర్గాప్రసాద్ బెదిరి గిటారు ఆపేశాడు.

“పొద్దున ఆపమంటే ఆపలేదు, ఇప్పుడెందుకయ్యా ఆపుతావు? కానియ్!”

కుర్చీలు పక్కకి జరిగాయి. పేటంతా గెంతింది. సంపూర్ణమ్మ అందరికంటే ముందు గెంతింది. గిటారు అమ్మకం మాట మళ్లీ ఎత్తలేదు.

ఇంతకీ జనం తడిచెత్త, పొడిచెత్త వేరు చేసే తెచ్చారు.