ఫ్రేము మార్చిన బండి, ఎడమవైపు బరువు

ఫ్రేము మార్చిన పాత మోటారు సైకిలు కొనే భర్త దొరకాలంటే ఎన్ని నోములు నోయాలో నాకు తెలియదు. నేనైతే ఒక్కటీ నోయలేదు. అయినా దొరికాడు!

కొత్త బండ్లవాళ్ళను చూసి కుళ్ళుకునే అక్కచెల్లెళ్ళారా, కొత్త బండిలో ఏముంది? పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. అది వచ్చేనాటికి నడిపేవాడికి మోకాళ్ళ నొప్పులు వచ్చేస్తాయి. పోనీ, వచ్చాక? దానికి ఒకే యజమాని, ఒకే చరిత్ర. పాపం, ఏకాకి!

మా బండి అలాంటిది కాదు. దాని ఇంజను నిజామాబాదులో ఒక డాక్టరుగారిది. పెట్రోలు ట్యాంకు ఎవరిదో అమ్మినాయనకే తెలియదు. ఫ్రేము మాత్రం ఎడపల్లి దగ్గర చెరకు బండిని గుద్దుకుని కాలువలోకి దిగిన ఇంకో మోటారు సైకిలుది. ఇదంతా కొన్న తర్వాత తెలిసింది. కొనేముందు మా ఆయన ఏం చూశాడంటారా? హారను కొట్టి చూశాడు. బ్రహ్మాండంగా మోగింది!

ఇన్ని ఇళ్ళ బండికి ఎంత బంధుబలగమో చూడండి. బోధన్ బజారులో ఆపితే చాలు, ఎవరో ఒకరు వచ్చి నిమురుతారు.

"గీ ఫ్రేము మా నర్సన్న మామది గదా! దీని మీదనే కాలు ఇరగ్గొట్టుకున్నడు" అని ఒక పెద్దమనిషి కళ్ళు తుడుచుకున్నాడు. కొత్త బండి మీద ఎవరైనా ఇలా కంటతడి పెడతారా? పోలీసులకైతే మేమంటే మరీ అభిమానం. బండి పుస్తకంలో ఒక నంబరు, ఫ్రేము మీద ఇంకో నంబరు కనుక, ఎక్కడ కనబడినా ఆపి కుశలమడుగుతారు.

మొదటి రోజు మా ఆయన ఒక్కడే మా ఊరి గంజ్ మార్కెట్టు వైపు వెళ్ళాడు. బండి మాత్రం కుడిపక్కన ఆరబోసిన పసుపులోకి వెళ్ళింది. ఆయన దాని మాట కాదనలేకపోయాడు. తల నుంచి కాళ్ళదాకా పసుపుతో ఇల్లు చేరాడు.

"నీ మొగడు మళ్ల పెండ్లికొడుకైండు గదనే అక్కా! పిల్ల ఎవలు?" అంది పక్కింటి తారాబాయి గోడ మీదుగా.

మర్నాడు బండిని మెకానిక్ లతీఫ్ దగ్గరికి నెట్టుకుపోయాము. నేనెందుకంటే, దారిలో ఆయన మళ్ళీ దేంట్లోనైనా పడితే దులపడానికి. లతీఫ్ ఒక కన్ను మూసి బండిని ముందు నుంచీ వెనక నుంచీ చూశాడు.

"ఫ్రేము వంగింది సాబ్. కుడి దిక్కే గుంజుతది. వేరేది హైదరాబాదు నుంచి రావాలె. ఎప్పుడొస్తదో అల్లాకే ఎరుక."

"మరి అందాక నడుపుడెట్ల?"

లతీఫ్ చూపు నా మీద పడింది. మా పుట్టింట్లో సన్నగా ఉన్నవాళ్ళెవరూ లేరని ఇక్కడ చెప్పాలి.

"అక్కను ఎన్క కూసోబెట్టుకోర్రి సాబ్. ఆడోళ్ళు కాళ్ళు ఎడమ దిక్కు ఏసుకుంటరు గద. బరువు బరాబర్ అయితది."

కూర్చున్నాను. బండి దారం లాగినట్టు తిన్నగా పోయింది!

ఆనాటి నుంచి నా సంసారం చూసి తీరాలి. అంతకుముందు మేమిద్దరం బజారుకు వెళ్తే ఆయన ముందు, సంచులతో నేను వెనక. చూసినవాళ్ళు మమ్మల్ని ఒక ఇంటివాళ్ళనుకునేవారు కాదు. ఇప్పుడో? క్షవరానికి వెళ్ళినా నేను ఉండాలి, దోస్తుల ఇంటికి పేకాటకు వెళ్ళినా నేను ఉండాలి. ఇంట్లో ఎంత పిలిచినా వినిపించని మనిషి, "తయారైనవా? ఇంగ పోదామా?" అని గడపలో నిలబడి బతిమాలతాడు. ఒక పూట నేను తక్కువ తింటే ఆయన ముఖం వాడిపోతుంది. "తిను, ఇంకో ముద్ద తిను" అని స్వయంగా వడ్డిస్తాడు! చెప్పండి, ఏ కొత్త బండి మొగుడి చేత ఇంత మర్యాద చేయిస్తుంది?

అన్నిటికన్నా గొప్ప లాభం ఎడపల్లి. అక్కడ మా అక్క భూమవ్వ ఉంది. నన్ను పెంచింది ఆమే. పోయినేడు ఆమెకు కుడిచెయ్యి పడిపోయింది. జడ వేసుకోలేదు. మా బావ ఎర్రన్న మంచివాడే, కానీ ఆయన జడ వేస్తే చెరకు మోపు కట్టినట్టు ఉంటుంది. మరి బస్సు లేదా అంటారేమో. ఉంది. కానీ ఆదివారం మధ్యాహ్నం మా ఆయనకు ఇంట్లో వేడి అన్నం కావాలి. బస్సులో వెళ్ళి వచ్చేవాళ్ళు వేడి అన్నం ఎలా పెడతారు?

బండి వచ్చాక ప్రతి ఆదివారం ఎడపల్లి వెళ్ళాము. ఆయనకు అసలు పని బోధన్‌లో పేకాట. కానీ నన్ను దింపితే ఆయన కుడిపక్క కాలువలోకి దిగాలి కదా! అందుకని అరుగు మీద కూర్చుని ఆవులించేవాడు. నేను తీరిగ్గా అక్కకు తల దువ్వి, జడ వేసి, అక్కడే వండి అందరికీ పెట్టేదాన్ని.

ఆయన ఆవులింతలు చూసి జాలిపడింది మా బావే.

"గిదేం తిప్పలు తమ్మీ! బరువే గదా నీకు గావల్సింది" అని లోపలి నుంచి ఒక బియ్యం సంచి తెచ్చి, నేను కూర్చునే చోట ఎడమ పక్కకు వేలాడేటట్టు కట్టాడు. మా ఆయన బోధన్ వెళ్ళి వచ్చాడు. తిన్నగా వెళ్ళాడు, తిన్నగా వచ్చాడు. దిగగానే సంచిని ఎంత ప్రేమగా తట్టాడో! నన్నెప్పుడైనా అలా తట్టాడా?

"గిది ఆపుమనదు, పోదామనదు" అన్నాడు బావతో.

ఆ సంచిని ఇంటికి తెచ్చాడు. నేను విప్పి డబ్బాలో పోసి వండటం మొదలుపెట్టాను. మా ఆయన తెలివైనవాడు. ఈసారి ఇసుక నింపాడు.

"ఇగ నీకెందుకు తిప్పలు? ఆదివారం ఇంట్ల ఆరాంగ ఉండు. ఒంటిగంటకు వస్త, అన్నం వేడిగుండాలె."

"మా అక్క జడ?"

"ఎర్రన్న ఏస్తడు తియ్."

ఈ ఆదివారం పొద్దున ఆయన, ఇసుక సంచి కలిసి బోధన్ బయలుదేరారు. నేను ఇంటికి తాళం వేసి, తాళంచెవి తారాబాయి చేతికిచ్చి, బస్టాండుకు నడిచాను.

దారిలో చాయకు ఆగాడో ఏమో, మా ఆయన మోటారు సైకిలు మా బస్సును దాటిపోయింది. నా పక్కనున్న కందకుర్తి ముసలవ్వ కిటికీలోంచి తల బయటపెట్టి చూసింది. "గా సంచి ఎంత బుద్ధిగ కూసున్నదే!" అంది. నిజమే, నాకూ ముచ్చటేసింది.

మా అక్క అరుగు మీద జుట్టు విప్పుకుని కూర్చుని ఉంది. నేనొక్కదాన్నే దిగడం చూసి వీధి ఆ చివరిదాకా చూసింది.

"ఒక్కదానివే వస్తివేందే సెల్లె? మీ ఆయన ఇంటికొస్తే అన్నమెవలు పెడతరు?"

నేను దువ్వెన తీసుకుని ఆమె వెనక కూర్చున్నాను.

"బండి ఎన్క ఎవలు కూసున్నరో, వాళ్ళే పెడతరు తియ్యక్కా."