మంత్రిగారు రాగానే మొదలయ్యే రెండు గంటలు

గొట్టం ద్వారా ఆహారం తీసుకునే పిల్లలకు ఇంటి వంటను సురక్షితంగా అందించే మహోద్యమం మా వంటింట్లోనే మొదలవుతుందని ఆరోగ్య మంత్రిగారు ప్రకటించారు. ఆ వంటింట్లో మా వదిన రెండేళ్లుగా రోజూ అదే పని చేస్తోంది. కానీ ప్రారంభోత్సవం జరగలేదు కాబట్టి అది మొదలైనట్టు కాదు.

నేను ఆ ఇంటికి కొత్త కోడలిని. పెళ్లయి ఇరవై రోజులు. వదిన, అంటే మా ఆయన అక్కగారు, మాతోనే ఉంటుంది. ఆమె ఐదేళ్ల కూతురు చిట్టికి మింగడం చేతకాదు. పొట్టకు అమర్చిన సన్నని గొట్టంలోంచే తిండి. డైటీషియన్ రాసిచ్చిన కొలతల ప్రకారం అన్నం, పప్పు, క్యారెట్ మెత్తగా ఉడికించి, మిక్సీలో తిప్పి, వడకట్టి ఇస్తుంది వదిన. జల్లెడ పట్టుకునే ఉద్యోగం మా ఆయనది. ఆయన్ని చూస్తూ నిలబడే ఉద్యోగం నాది. ఫ్రిజ్ తలుపు మీద వదిన చేతిరాతలో ఒక కాగితం: "బయట రెండు గంటలు దాటితే పారబోయాలి."

ప్రారంభోత్సవం రోజు మంత్రిగారు పదకొండింటికి వస్తారని ఆరోగ్య శాఖ ఆఫీసరుగారు ముందే దిగారు. పదింటికల్లా కెమెరా కోసం చిట్టి తిండి ఒక జార్ నిండా చేయించి బల్ల మీద పెట్టించారు. ఇంట్లో ఉన్న ఒక్క మిక్సీకి ఎర్ర రిబ్బన్ కట్టించారు. జార్ ఫ్రిజ్‌లో పెడతానని వదిన అంటే ఒప్పుకోలేదు.

"ఫ్రిజ్‌లో ఉంటే మంత్రిగారు దేని పక్కన నిలబడతారమ్మా?"

చిట్టి పన్నెండింటి పూట ఫ్రిజ్‌లో మిగిలిన పొద్దుటి వాటాతో గడిచింది. తర్వాతి పూట మూడింటికి. రెండున్నరైనా మంత్రిగారి జాడ లేదు. వదిన పొయ్యి మీద మళ్లీ అన్నీ ఉడికించి, మిక్సీ దగ్గరికి వచ్చింది.

"రిబ్బన్ విప్పండి సార్. పాపకు కొత్తగా చేయాలి."

"ఆయన కత్తిరించకముందే విప్పితే నా ఉద్యోగం పోతుంది తల్లీ. జార్ నిండా ఉందిగా, అదే పట్టండి."

"అది చేసి నాలుగున్నర గంటలైంది."

ఆఫీసరుగారు ఎవరికో ఫోన్ చేసి, వెలిగిపోతున్న ముఖంతో తిరిగొచ్చారు. "శాఖ స్పష్టత ఇచ్చింది. ఆ రెండు గంటలు మంత్రిగారు రాగానే మొదలవుతాయి."

ఇంత మర్యాద తెలిసిన గడియారాన్ని నేనెక్కడా చూడలేదు.

మూడింటికి పావుగంట ముందు మంత్రిగారు వచ్చారు. కెమెరాల కోసం మూడుసార్లు చేతులు కడుక్కున్నారు, సబ్బు లేకుండా. పరిశుభ్రత గురించి మాట్లాడారు. "ముందు పాపకు పట్టేద్దాం, తర్వాత రిబ్బన్" అంటూ గొట్టంలోకి తిండి ఎక్కించే సిరంజి అందుకున్నారు.

వదిన చిట్టి కుర్చీకి అడ్డంగా నిలబడింది. "ముందు మీరొక గ్లాసు తాగండి సార్. జనానికి నమ్మకం కుదురుతుంది."

అందరూ చప్పట్లు కొట్టారు. గ్లాసు మంత్రిగారి పెదవుల దాకా వెళ్లి ఆగింది.

"ఇది ఎన్నింటికి చేశారమ్మా?"

"పదింటికి."

ఆయన గోడ గడియారం వైపు చూశారు. "ఐదు గంటలు కావస్తోంది! నన్ను ఆస్పత్రిలో పడేద్దామనా?"

"రెండు గంటలు మీరు రాగానే మొదలయ్యాయి సార్" అని ఆఫీసరుగారు వినయంగా గుర్తుచేశారు.

"నోర్ముయ్యవయ్యా. పారబోయించు. కొత్తగా చేయించు."

ఆ మాట పూర్తయ్యేలోపే వదిన వంటింటి కత్తెరతో రిబ్బన్ కత్తిరించేసింది. మా ఆయన జల్లెడ పట్టాడు. గొట్టంలోకి ముందు కొంచెం నీళ్లు, తర్వాత తిండి, మళ్లీ నీళ్లు. చిట్టికి మూడింటి పూట పది నిమిషాలు మాత్రమే ఆలస్యమైంది.

వారం తిరక్కుండా శాఖ నుంచి ఒక బోర్డు వచ్చింది, ఫ్రిజ్ తలుపుకు తగిలించమని. మంత్రిగారి నిలువెత్తు ఫొటో. పక్కన: "బయట రెండు గంటలు దాటిన ఆహారం పారబోయాలి. ఈ నియమాన్ని కనుగొన్నది మన మంత్రిగారు." అడుగున చీమ తలకాయంత అక్షరాలు ఇంకేవో ఉన్నాయి. నేను కళ్లు చిట్లించడం చూసి, అడగకముందే మా ఆయన భూతద్దం తెచ్చిచ్చాడు. ఎంత మంచివాడో.

"ప్రారంభోత్సవాలకు వర్తించదు."