ఐదు బందర్లు

ఆ ఆదివారం ఉదయం, రైల్వేలో పదవీ విరమణ చేసిన దయానంద్ తన తాతగారికి మరణానంతర పట్టాభిషేకం జరిపించ సంకల్పించాడు. తాత ముంబై రేవులో పొగఓడలకు బొగ్గు మోసిన కూలీ. లండన్ పోయే ఓడ ఎంతటి మహారాణి అయినా, దారిలో రేవురేవునా ఆగి బొగ్గు ఆరగించక తప్పేది కాదు. ఆ విందు వడ్డించినవాడు తన తాత అని దయానంద్ గర్వం. "బొగ్గు మోసినోని కథ ఎవడింటడు?" అని మూడేళ్ళు దాటవేసిన నాందేడ్ తెలుగు సంఘం అధ్యక్షుడు వెంకట్రావ్, ఎట్టకేలకు అరగంట ప్రసాదించాడు. జనం మధ్యలో లేచిపోతే తాత మళ్ళీ మరుగున పడ్డట్టే.

వేదికకు ఏడెన్, మాల్టా వంటి లండన్ దారిలోని ఐదు రేవుల అట్టబొమ్మలు కావాలి. మరాఠీ బడిలో చదివిన దయానంద్‌కు రేవంటే బందరే. డెకరేషన్ రామకిషన్‌కు ఫోన్ చేశాడు.

"రామకిషన్, పదింటికి ఐదు బందర్లు కావాలె. స్టేజి మీద వరుసగ నిలవడాలె."

దక్కనీ గల్లీలో పెరిగిన రామకిషన్‌కు బందరంటే కోతి. "ఐదా కాకా! జర పెద్దయేనా?"

"ఏడెన్‌ది పెద్దగుండాలె."

"తోకలు?"

దయానంద్ చెవికది తోరణాలని వినబడింది. "అన్నీ పెట్టు. ఇజ్జత్ సవాల్!"

తొమ్మిదిన్నరకు రామకిషన్ మళ్ళీ ఫోన్ చేస్తే దయానంద్ భార్య లీలాబాయి ఎత్తింది. "కాకీ, బందరోళ్లు ఐదుగురు బయలెల్లిండ్రు."

లీలాబాయి అమ్మమ్మది కృష్ణా జిల్లా బందరు. "అయ్యో, మా అమ్మమ్మ ఊరోళ్లు అస్తున్నరా? ఈయన ఒక్క మాటన్న చెప్పలే!" అంటూ ఆమె వాడంతా చాటింది. ఆ కబురు సంఘానికి చేరేసరికి ఐదుగురు మనుషులు ఐదుగురు ప్రముఖులయ్యారు. వెంకట్రావ్ ముందు వరుస ఖాళీ చేయించి, పూలదండతో గుమ్మంలో నిలుచున్నాడు.

ఆటో ఆగింది. అతిభక్తితో తలవంచి దండ వేశాక గానీ ఆయనకు తోక కనబడలేదు. ఊరేగింపుల్లో వానరవేషం కట్టే ఐదుగురు కళాకారులు వినయంగా నమస్కరించారు. సభ పగలబడి నవ్వింది.

"ఏంది దయానంద్ ఇది? సంఘం పరువు బొగ్గయింది! నీ ఉపన్యాసం బంద్!" అని వెంకట్రావ్ మండిపడ్డాడు.

దయానంద్, తాత పని చూపడానికని గంపలతోపాటు ఇస్త్రీ బండి దగ్గర్నుంచి తెచ్చిపెట్టుకున్న బొగ్గు బస్తాను సభామధ్యంలో కుమ్మరించాడు.

"కోతి మొఖాలు తీయుండ్రి. మా తాత మనిషి! నువ్వు ఏడెన్, నువ్వు మాల్టా. ఎత్తుండ్రి గంపలు!"

ఓడనెక్కే దారిలా వేదికకు ఆనించిన పలక మీదుగా గంపలు పైకెక్కసాగాయి. నల్లటి దుమ్ము లేచింది. ముందు వరుస ఆడవాళ్ళు కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు.

"గట్లనే అమ్మా! ఓడల దొరసానులు గూడ గిట్లనే కిటికీలు మూసుకునేటోళ్లు. దుమ్ము మింగినోడు మాత్రం గీ మనిషే" అంటూ దయానంద్ ఆఖరి గంపను తన నెత్తికెత్తుకున్నాడు. "పేరు కాశీనాథ్."

ఎవరూ లేచిపోలేదు. లేచినవారు చప్పట్లకే లేచారు. వెంకట్రావ్ తెల్లని శాలువా తెచ్చి కప్పాడు; అది నిమిషంలో నల్లబడింది.

దానిని ఉతకడానికి దయానంద్ నేటివరకూ ఎవరికీ అనుమతి ఇవ్వలేదు.