రాళ్లగడ్డ ముత్యాల నవ్వు

ఇకమీదట నియోజకవర్గంలో గార పట్టిన పన్ను ఒక్కటి కూడా కనిపించకూడదని ఎమ్మెల్యేగారు ప్రకటించారు. కార్యక్రమం పేరు ‘ముత్యాల నవ్వు’. సార్ స్వయంగా చిన్నపిల్లలతో ముచ్చటించి, బ్రష్ పట్టడం నేర్పి, ఫొటో దిగుతారు. కారు బడి గుమ్మందాకా పోతుంది గనుక, ప్రారంభానికి రాళ్లగడ్డను ఎంపిక చేశారు.

పార్టీ గ్రామశాఖ అధ్యక్షుడు పరమేష్ సంతోషానికి పట్టపగ్గాల్లేవు. ఫిల్టర్ నీళ్ల ప్లాంటు కోసం మూడేళ్లుగా అర్జీలు పట్టుకుని తిరుగుతున్నాడాయన. సార్ మెచ్చితే ప్లాంటు వచ్చినట్టే. చిక్కల్లా ఒక్కటే. బోరు నీళ్లలో ఫ్లోరైడ్. అవి తాగి తాగి ఊరి పిల్లల పళ్లన్నీ ఇటుకరంగు తేలాయి. పరమేష్ కూతురు నవనీత మూడో తరగతి. నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది.

ముందురోజు సార్ పీఏ ఫోన్ చేశాడు.

“పేపరోళ్లు వస్తున్నరు. పోరగాండ్ల పండ్లు తెల్లగుండాలె.”

“సార్, మా ఊరి నీళ్లు...”

“నీళ్ల ముచ్చట తర్వాత. ముందుగాల పండ్లు.”

పదవులు ఊరికే రావు. పరమేష్‌కు ఉపాయం వెంటనే తట్టింది. బావమరిది బీరప్ప టౌన్లో ఒక ప్రైవేటు బడి వ్యాను నడుపుతాడు. మర్నాడు పొద్దున ఆ వ్యానులోంచి ఇరవైమంది తెల్లపళ్ల పిల్లలు దిగారు. ఊరి పిల్లలకు సెలవిచ్చారు.

“గిదేం పద్ధతి పరమేషూ?” అంది హెడ్మిస్ట్రెస్ నిర్మలమ్మ. “మన పిల్లల్నే చూపియ్యి. నీళ్లెట్లున్నయో సార్‌కు ఎరుకైతది.”

“సార్ మనసు నొచ్చుకుంటది మేడం. ప్లాంటు రానియ్యుండ్రి, అప్పుడు చూపిద్దాం.”

నవనీత మాత్రం ఇంటికి పోనని మొండికేసింది. వెనక వరసలో నోరు మూసుకుని కూర్చోవాలనే షరతు మీద ఉండనిచ్చాడు.

ఎమ్మెల్యేగారు పిల్లల్లో పిల్లవాడైపోయారు. “రోజుకు ఎన్నిసార్లు తోముతరు?” అని అడిగారు.

“టూ టైమ్స్ సార్.”

సార్ మురిసిపోయారు. “సూడుండ్రి, తోమినోళ్ల పండ్లు గిట్లుంటయి. పచ్చగున్నయంటే తోముతలేరన్నట్టే. నీళ్ల మీద పెట్టుడు బద్ధకస్తుల మాట” అని, హైదరాబాద్ నుంచి తెచ్చుకున్న సీసా నీళ్లతో పుక్కిలించి చూపించారు. కెమెరాలు మెరిశాయి. వెనక వరసలో నవనీత పెదాలు ఇంకాస్త బిగించింది.

ఆ రోజు నుంచి పిల్ల రోజుకు నాలుగుసార్లు తోమడం మొదలుపెట్టింది. చిగుళ్ల నుంచి నెత్తురొచ్చినా ఆపదు. “వద్దు బిడ్డా” అంటే, “సార్ చెప్పిండు కద బాపూ” అంటుంది. పరమేష్‌కు ఏడుపొక్కటే తక్కువ. అయినా ప్లాంటు వస్తోంది కదా అని సముదాయించుకున్నాడు.

నెల తిరిగేసరికి ఉత్తర్వు వచ్చింది. “పత్రికల్లో వెలువడిన ఫొటోలను నిశితంగా పరిశీలించగా, రాళ్లగడ్డ పిల్లల దంతాలపై ఫ్లోరైడ్ ప్రభావం బొత్తిగా లేదని రుజువైనందున ప్లాంటు ప్రతిపాదన రద్దు చేయడమైనది. గ్రామానికి అభినందనలు.” జతగా పరమేష్ పేరిట ఒక ప్రశంసాపత్రం.

చేతిలో కాగితం ఉండగానే ఫోన్ మోగింది. పక్కూరి గ్రామశాఖ అధ్యక్షుడు రాకేష్.

“అన్నా, ఎల్లుండి మా ఊర్లె సార్ ప్రోగ్రాం. మా పోరగాండ్ల పండ్లు నీకెరుకే. మీ ఊరోళ్లవి పేపర్ల సూసిన, ఎంత మంచిగున్నయే. జర ఒక్క పూటకు మీ పిల్లల్ని పంపియ్యవా?”

పరమేష్ వాకిట్లోకి చూశాడు. నవనీత నల్లా దగ్గర కూర్చుని ఉంది.

“ఖాళీగ లేరు తమ్మీ” అన్నాడు. “పండ్లు తోముకుంటున్నరు.”